జాబితా మీద ముద్ర

కాగితం కనబడితే ముద్ర గుద్దడం నాకు జబ్బులాంటిది. ముందు గుద్దుతాను, తరువాత చదువుతాను. ఇన్‌వర్డ్ గుమాస్తాగా కూర్చున్న మొదటి వారమే, నాకు ముందు ఆ కుర్చీలో పనిచేసిన పెద్దమనిషి ఈ విద్య నేర్పి వెళ్ళాడు. "చదువుకుంట కూసుంటె పొద్దుమీకేసరికి టపా కుప్పయితది తమ్మీ. గుద్దు, నెంబరెయ్యి, రిజిస్టర్‌ల ఎక్కియ్యి. చదివేటోళ్ళు పైన ఉన్నరు" అన్నాడు. ఆ మాట నేను వేదంలా పట్టుకున్నాను. ఒకసారి మా ఆఫీసులో ఒకాయన తన పెళ్ళి శుభలేఖ తెచ్చి నా బల్ల మీద పెడితే, వధూవరుల పేర్ల మీద పడేలా తేదీ ముద్ర గుద్ది, నెంబరు కూడా వేసేశాను. ఆఫీసంతా నెల రోజులు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇది డెబ్బైల నాటి మాట. యూనివర్సిటీ తన పరీక్షల విభాగాన్ని పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో, అద్దెకు తీసుకున్న ఒక పాత దేవిడీలో నడిపేది. ఎవరో జాగీర్దారుగారి మేడ అది. నడిమి అంగణంలో ఎండిపోయిన ఫౌంటెన్, చుట్టూ ఎత్తయిన గోడలు. పెద్ద దర్వాజా ఎప్పుడూ మూసే ఉండేది. దాని పక్కన దిడ్డి తలుపులోంచి సూపరింటెండెంటు మొదలు స్వీపరు దాకా అందరూ తల వంచుకునే లోపలికి రావాలి. ఒకప్పుడు కాపలావాళ్ళు ఉన్న గదిని నాకిచ్చారు. దాని కిటికీకి బొటనవేలు లావు ఇనుప చువ్వలు. జనం బయట నిలబడి చువ్వల సందులోంచి కాగితాలు తోసేవాళ్ళు, లోపల నేను అందుకునేవాణ్ణి. మొదటిసారి వచ్చిన విద్యార్థులు నన్ను చూసి జాలిపడ్డ సందర్భాలున్నాయి.

జాలిపడటంలో తప్పు లేదు. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. మా నాయన రైల్వేలో కీమ్యాన్‌గా పట్టాల వెంబడి నడిచీ నడిచీ, దగ్గు తెచ్చుకుని ఇంటికి చేరాడు. ఉప్పుగూడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఆయన దగ్గు గోడ అవతలివాళ్ళకు కూడా గడియారంలా పనికొచ్చేది. నా నౌకరీ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ సంగతి నాకు తెలుసు, మా సూపరింటెండెంటుకు తెలుసు. ఆయనకు తెలుసన్న సంగతి నాకు తెలుసు.

నా కిటికీ పక్కన వరండాలో తాగేనీళ్ళ మట్టి రంజన్లు మూడు వరసగా ఉండేవి. వాటిని నింపే ఆమె గౌలిపుర మనిషి. రోజూ నడిచి వచ్చేది. తెల్లారేసరికి అంగణంలో చేదబావి దగ్గర గిలక చప్పుడు వినిపిస్తే ఆమె వచ్చినట్టు. రంజన్ల అడుగున ఇసుక తడిపి, పైన మూతలు తుడిచి, ఇత్తడి గ్లాసు బోర్లించి, అప్పుడు నా కిటికీ దగ్గరికి వచ్చి "బిడ్డా, సల్లటి నీళ్ళు తాగు" అని మొదటి గ్లాసు నాకే ఇచ్చేది. నేను ఆమెను చిన్నమ్మా అనేవాణ్ణి. భర్త పోయాడు, ఒక ఆడపిల్ల బడికి పోతోంది. ఆరేళ్ళుగా మా దగ్గర నీళ్ళు నింపుతోంది. ఆరేళ్ళుగా రోజుకూలీయే. ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకోవడం, రెండు రోజులు "బ్రేకు" అని ఇంట్లో కూర్చోబెట్టడం, మళ్ళీ కొత్తగా పిలిచినట్టు ఆర్డరు ఇవ్వడం. వరుసగా తొంభై రోజులు నిండితే ఎక్కడ హక్కు పుట్టుకొస్తుందోనని యూనివర్సిటీవారి భయం. ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం దిగేది కాదట. ఈసారి పిలుస్తరో లేదో అని.

ఆ ఏడాది ఉద్యోగుల సంఘాలకు గుర్తింపు ఇవ్వడం గురించి యూనివర్సిటీ నుంచి నియమాలు వచ్చాయి. సైక్లోస్టైల్ చేసిన నాలుగు పేజీలు. వాటి మీద మొదటి ముద్ర నాదే. ఆఫీసు ఆవరణలో అనుమతి లేకుండా మీటింగు పెట్టకూడదు. ఆఫీసు వేళల్లో ఎవరినీ సభ్యత్వం అడగకూడదు. నోటీసు పెట్టాలంటే ఒకే ఒక్క బోర్డు, దాని మీద అధికారి సంతకం ఉండాలి. గుర్తింపు వచ్చాక సభ్యుల పేర్లన్నీ ఆ బోర్డు మీద పెట్టాలి. ఇవన్నీ ఒక ఎత్తు. విభాగంలో పనిచేసే మొత్తం మందిలో మూడో వంతు సభ్యులైతేనే గుర్తింపు అన్నది ఒక ఎత్తు. ఆ మొత్తంలో రోజుకూలీ వాళ్ళను కూడా కలిపారు. జీతాల పెంపు దగ్గర వాళ్ళు ఉద్యోగులు కారు, సంఘానికి అడ్డం పెట్టడానికి మాత్రం ఉద్యోగులే. చదివి నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

బైండింగ్ గదిలో దఫ్తరీగా పనిచేసే సాయిబు మేం కొత్తగా పెట్టుకున్న సంఘానికి పెద్ద. జవాబు పత్రాల కట్టలు, పాత రిజిస్టర్లు కుట్టే మనిషి. రిటైరు కావడానికి కొన్నేళ్ళే ఉంది. వేళ్ళకు ఎప్పుడూ మైదా జిగురు వాసన. ఆవరణలో మీటింగు పెట్టొద్దన్నారు కాబట్టి, సాయంత్రం దబీర్‌పురా ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మా సంఘం ఆఫీసు అయింది. ఉప్పుగూడ వైపు పోయే ప్యాసింజరు రోజూ ఆలస్యమే. ఆ ఆలస్యమే మా మీటింగు. బండి కూత వినబడగానే ఎంత పెద్ద తీర్మానమైనా సగంలో ఆగిపోయేది.

ఒక సాయంత్రం దఫ్తరీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. "పర్మినెంటోళ్ళు డర్తున్నరు మియా. మూడో వంతుకు తక్కువ పడ్తున్నరు. డెయిలీ వేజోళ్ళు రాకపోతె కామ్ ఖతం."

"వాళ్ళ పేర్లు ఆఫీసోళ్ళ చేతుల పడితే?" అన్నాను.

"రూల్ చదివినవు కదా. జాబితా చూపిస్తం, సాబ్ లెక్క చూసుకుంటడు, వాపస్ ఇస్తడు. అర్జీ ఒక్కటే నీ కిటికీల ఇస్తం. జాబితా నా సంచిల ఉంటది. ఫికర్ నక్కో."

ఆ మాట నిజమే. నియమంలో అలాగే ఉంది. నేను నాలుగుసార్లు చదివాను.

ఆ ఆదివారం నేను జాబితా తీసుకుని గౌలిపుర పోయాను. చిన్నమ్మను ఒప్పించే పని నాకు అప్పగించారు, ఆమె నా మాట వింటుందని. వేలిముద్ర కోసం ఆఫీసు స్టాంపు ప్యాడు కూడా సంచిలో వేసుకున్నాను. సందు చివర చిన్న ఇల్లు. ముందు బర్రెల కొట్టం. ఒకప్పుడు అందులో ఆరు బర్రెలుండేవట. భర్త జబ్బుకు ఒక్కొక్కటీ పోయింది. గుంజలు మాత్రం పాతినవి పాతినట్టే ఉన్నాయి. వాటికి కట్టిన తాడు మీద బట్టలారేసింది. నాకు చాయ్ పెట్టి ఇస్తూ, "కొన్న పాలు బిడ్డా. నీళ్ళే ఎక్కువున్నయ్" అని సిగ్గుపడింది. వాడకంతా పాలు పోసిన ఇల్లు అది.

నేను సంగతి చెప్పాను. సంఘానికి గుర్తింపు వస్తే మొదట అడిగేది బ్రేకులు తీసేయమనే అన్నాను. ఆమె నిమ్మళంగా విన్నది.

"ఈ కాగితం ఎవల చేతుల వడ్తది?" అని అడిగింది.

"మన చేతుల్నే ఉంటది చిన్నమ్మా. సారుకు చూపిస్తం, మల్ల తెచ్చుకుంటం."

"నా నౌకరీ మీదికి రాదు గద? పిల్ల సదువుతున్నది."

"రాదు. నాది జిమ్మ."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. "నాకు కాగితం సంగతి ఎర్కలే. నువ్వు చెప్తున్నవు, ఏస్త" అని చెయ్యి చాపింది. ఆ బొటనవేలు నేనే పట్టుకుని ప్యాడు మీద అద్ది, జాబితాలో ఆమె పేరు పక్కన ఒత్తించాను. గిలక తాడు లాగీ లాగీ వేలిగీతలు అరిగిపోయాయి. ముద్ర మసకగా పడింది. మళ్ళీ అద్ది మళ్ళీ ఒత్తించాను. ఆమె వేలు తలవెంట్రుకలకు తుడుచుకుని, "అయిపాయెనా?" అని నవ్వింది. నా పేరు అదే కాగితంలో నాలుగు వరసల పైన ఉంది.

ఆ రాత్రే జాబితా దఫ్తరీ సంచిలోకి చేర్చాను. మరునాడు సోమవారం. శనివారం మధ్యాహ్నం నుంచి ఆగిన టపా అంతా సోమవారం పొద్దున్నే వచ్చి పడుతుంది. పోస్టుమ్యాన్ సంచి నా బల్ల మీద బోర్లించి పోయాడు. నేను తల ఎత్తకుండా గుద్దుతున్నాను. ముద్ర, నెంబరు, రిజిస్టర్‌లో ఒక వరస. ముద్ర, నెంబరు, ఒక వరస. ఆ ఊపులో ఉంటే నాకు లోకం తెలియదు. దఫ్తరీ ఇద్దరిని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. అర్జీ ఇవ్వడానికి సంచిలో చెయ్యి పెట్టాడు. కళ్ళజోడు లేకుండా ఏది అర్జీయో ఏది జాబితాయో ఆయనకు తెలియదు. రెండూ తీసి కిటికీ గట్టు మీద, చువ్వల లోపలి వైపు పెట్టి, జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాడు.

నా చెయ్యి వాటి మీదికి పోయింది. అర్జీ మీద ఒక ముద్ర, జాబితా మీద ఒక ముద్ర. నెంబర్లు రెండు. రిజిస్టర్‌లో వరసలు రెండు. రెండో వరసలో నా అందమైన దస్తూరీతో "సభ్యుల జాబితా" అని రాసి, చుక్క కూడా పెట్టాను. చుక్క పెట్టాక చదివాను.

"అరే, క్యా కియే మియా!" అన్నాడు దఫ్తరీ. కళ్ళజోడు ఆయన చేతిలోనే ఉంది.

నేను జాబితా మీద చెయ్యి పెట్టాను. చువ్వల సందులోంచి బయటికి తోసేయాలని. అప్పుడే నా వెనక తలుపు దగ్గర సూపరింటెండెంటు గొంతు వినబడింది. సోమవారం తన టపా తనే పట్టుకుపోయే అలవాటు ఆయనకు. గుంటూరు వైపు మనిషి. ఎవరి మీదా అరిచేవాడు కాదు. అరిస్తే నాకు కొంత సుఖంగా ఉండేది.

"ఏవిటయ్యా అది?"

"సార్, అది ఊర్కె చూపియ్యడానికి తెచ్చినం. వాపస్ ఇయ్యాలె, రూల్ ఉంది" అన్నాడు దఫ్తరీ బయటి నుంచి.

సూపరింటెండెంటు నా చేతి కింద నుంచి కాగితం మెల్లగా లాగి చూశాడు. "చూపించడానికి నా గదికి తేవాల్సింది. ఇన్‌వర్డ్ నెంబరు పడిపోయిందిగా. నెంబరు పడ్డాక కాగితం మీదీ కాదు, నాదీ కాదు. ఫైలుది" అన్నాడు. తరువాత నా భుజం తట్టి, "రిజిస్టర్లో కూడా ఎక్కించావే. చురుకైనవాడివయ్యా" అని మెచ్చుకుని పోయాడు.

రిజిస్టర్‌లో పేజీలకు నెంబర్లుంటాయి. కొట్టివేత ఉంటే పక్కన సూపరింటెండెంటు పొట్టి సంతకం ఉండాలి. పేజీ చించితే నౌకరీ పోతుంది. ఎటు చూసినా దారి లేదు. నేను ఆ గదిలో నా రిజిస్టర్ ముందు కూర్చుని, నా చేతి రాత వైపు చూస్తూ ఉండిపోయాను. నా చెయ్యి నరికేసుకోవాలనిపించింది. వరండాలో చిన్నమ్మ రంజన్‌లో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆమెకింకా తెలియదు.

ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద లొల్లి లొల్లి అయింది. ఒకడు మొహం మీదే అడిగాడు, "సూపరింటెండెంటు నీకెంత దగ్గర?" అని. నాకు కోపం ముంచుకొచ్చి కాలరు పట్టుకున్నాను. దఫ్తరీ మధ్యలోకి వచ్చాడు. "తప్పు నాది భీ ఉంది. నేనే పెట్టిన కద కిటికీల. చోడో" అన్నాడు. ఆ మంచితనం నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. చివరికి ఒకటే నిర్ణయం. ఎవరూ పేరు వెనక్కి తీసుకోకూడదు. ఎంత ఒత్తిడి చేసినా సరే. "కసమ్" అని అందరూ బెంచీ మీద చెయ్యి పెట్టారు. నేనూ పెట్టాను.

రెండో రోజే సూపరింటెండెంటు నన్ను పిలిచాడు. కూర్చోమన్నాడు. అది కొత్త. బల్ల మీద పచ్చ అట్ట ఫైలు ఒకటి ఉంది, మీద నా పేరు.

"నీ కన్ఫర్మేషన్ ఫైలయ్యా. ఇవాళ పైకి పంపాలి. జాబితాలో నీ పేరు కూడా కనపడింది. చిన్నవాడివి, ఎవరో పెట్టమంటే పెట్టుంటావు. ఒక్క ముక్క రాసిచ్చెయ్, నా ఇష్టంతో పెట్టింది కాదు, వెనక్కి తీసుకుంటున్నానని. అది దీన్లో పెట్టేసి పంపేస్తా. మీ నాన్నగారికెలా ఉంది?"

ఆ చివరి ప్రశ్న ఆయన నిజంగా దయతోనే అడిగాడేమో, నాకు ఇప్పటికీ తేలలేదు. నేను నోరు తెరిచి, "ఆ నీళ్ళు నింపే ఆమె..." అన్నాను.

"డెయిలీ వేజ్ వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకీ అవకాశం ఇస్తున్నాం. వెనక్కి తీసుకున్న వాళ్ళకి కొత్త ఆర్డరు. లేదంటే ఈ బ్రేకుతో సరి. రోజులు నిండేది ఎప్పుడు, ఆదివారమా?"

ఆదివారమే. అప్పటికి అయిదు రోజులుంది.

నేను రాశాను. మూడు లైన్లు. చేతులు వణకలేదు. వణికాయని రాసుకుంటే బాగుండేది, కానీ వణకలేదు. ఆయన చదివి, "నెంబరేసి తీసుకురా" అన్నాడు. నా గదికి వచ్చి, నా కాగితానికి నేనే తేదీ ముద్ర గుద్ది, నెంబరేసి, రిజిస్టర్‌లో నా పేరు నేనే ఎక్కించాను. ఆ రోజు అంతకంటే శుభ్రంగా పడ్డ ముద్ర ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం నుంచి నేను ప్లాట్‌ఫారం చివరి బెంచీ దగ్గరికి పోలేదు. నాయనకు బాగాలేదని చెప్పి ముందు డబ్బాలో ఎక్కి పోయేవాణ్ణి. పట్టుబడతానన్న భయం కంటే, పట్టుబడకుండా వాళ్ళ మధ్య కూర్చోవాల్సి వస్తుందన్న భయం ఎక్కువ. ఇంట్లో నాయన "కన్ఫరం అయితదంటనా?" అని అడిగితే "ఔ నాయనా" అన్నాను. ఆయన చాలా రోజుల తరువాత లేచి గడప బయట కూర్చున్నాడు. ఆ సంతోషం చూడలేక సందు చివరి దాకా పోయి వచ్చాను.

రోజుకూలీ వాళ్ళను ఒక్కొక్కరినే మేడ మీదికి పిలవడం మొదలుపెట్టారు. దిగి వచ్చేవాళ్ళు ఎవరి మొహమూ చూడకుండా పోయేవాళ్ళు. వాళ్ళ కాగితాలు నా దగ్గరికే వచ్చేవి. చాలామంది వెనక్కి తీసుకున్నారు. ఒక్కొక్కటి గుద్దుతుంటే నాకు సిగ్గు లేకుండా ఒక ఊరట కలిగేది. నా కాగితం మీద ఇంకొన్ని కాగితాలు పడుతున్నాయి కదా అని.

శుక్రవారం చిన్నమ్మను పిలిచారు. దిగి వచ్చి నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చింది. చువ్వలు రెండు చేతులా పట్టుకుంది.

"సారు ఇంకో కాగితం మీద ఏలెయ్యమంటున్నడు బిడ్డా. గప్పుడు ఏసింది తీసుకున్నట్టట. ఎయ్యకుంటె సోమారం నుంచి రావద్దన్నడు. ఏం జెయ్యాలె?"

నేను రిజిస్టర్ వైపు చూశాను. ఆమెకు చదువు రాదు. కానీ నా పేరు అందులోనే ఉంది, ఆమె కళ్ళ ముందే, మూరెడు దూరంలో. ఒక్క మాట చెబితే చాలు. నేను తీసుకున్న చిన్నమ్మా, నువ్వూ తీసుకో, పిల్లను చూసుకో. అంతే.

"నీ ఇష్టం చిన్నమ్మా" అన్నాను.

"నా ఇష్టం ఏంది? నాకేమెర్క? నువ్వు తీసుకున్నవా?"

ఇన్నేళ్ళలో నేను చిన్నవీ పెద్దవీ అబద్ధాలు చాలా ఆడాను. అన్నీ మరిచిపోయాను. ఇది మరవలేదు.

"లే" అన్నాను.

ఆమె మొహం తేటపడింది. "గట్లైతె నేను గూడ తియ్య. నువ్వు సదువుకున్నోనివి, నీకు లేని భయం నాకేంది? ఒక్కసారి ఏలేసి మల్ల తీసుడు నాకు రాదు బిడ్డా." చువ్వలు వదిలి, ఇత్తడి గ్లాసు ముంచి నాకు నీళ్ళిచ్చి, మేడ మీదికి పోయింది. లేదని చెప్పడానికి.

నేను లేచి ఆమె వెనకాల పరుగెత్తి ఉండాల్సింది. మెట్లు పన్నెండు. లెక్కపెట్టాను, ఎందుకంటే ఆమె అడుగుల చప్పుడు మెట్టు మెట్టుకూ వినబడింది. నేను లేవలేదు. తలుపు తెరిచే ఉంది. చువ్వలు కిటికీకే, తలుపుకు లేవు. అయినా నేను లేవలేదు.

సోమవారం గిలక చప్పుడు వినబడలేదు. మంగళవారం కూడా. బుధవారం ఎవరో కొత్త మనిషి వచ్చి రంజన్లు నింపాడు. అడుగు ఇసుక తడపలేదు, నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఆ నెలలోనే నా కన్ఫర్మేషన్ ఆర్డరు వచ్చింది. అదీ నా కిటికీలోంచే వచ్చింది, దానికీ నేనే ముద్ర వేసుకున్నాను.

తరువాత జరిగింది నేను అనుకోనిది. నీళ్ళు నింపే ఆడమనిషి వేలు వెనక్కి తీసుకోలేదన్న మాట విభాగమంతా పాకింది. అప్పటిదాకా దాక్కుని తిరిగిన పర్మినెంటు వాళ్ళకు మొహం చెల్లలేదు. ఒకరి తరువాత ఒకరు బైండింగ్ గదికి పోయి సంతకాలు పెట్టారు. మూడో వంతు దాటింది. ఎండాకాలం వెళ్ళేలోపు సంఘానికి గుర్తింపు వచ్చింది. ఆమె తీసుకుని ఉంటే ఆ సంఘం వచ్చేది కాదు. నేను నిజం చెప్పి ఉంటే ఆమె తీసుకునేది. ఈ లెక్క నాకు నేను చెప్పుకుని ఊరటపడాలని చాలాసార్లు చూశాను. ఒక్కసారీ కుదరలేదు. సంఘానికి గుర్తింపు వచ్చింది, ఆమె పిల్ల బడి మానేసింది.

నియమం ప్రకారం సభ్యుల పేర్లు బోర్డు మీద పెట్టారు. దిడ్డి తలుపు లోపలి గోడకు, నా కిటికీకి ఎదురుగానే ఆ బోర్డు. రోజూ నేను తల ఎత్తితే ఆ పేర్లే. చిన్నమ్మ పేరు కూడా ఉంది. దఫ్తరీ పట్టుబట్టి పెట్టించాడు, ఆమెను పని నుంచి తీసేసే నాటికి సభ్యురాలే అని. నా పేరు లేదని చూసి ఎవరూ ఏమీ అనలేదు. దఫ్తరీ కూడా అనలేదు. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు "టపా" అని మాత్రం అనేవాడు. మియా అనడం మానేశాడు.

సంఘం మొదటి డిమాండు పనిలోంచి తీసేసిన వాళ్ళను మళ్ళీ తీసుకోవాలని. దరఖాస్తులు పెట్టుకోండి, చూస్తాం అన్నారు పైనవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే చిన్నమ్మ వచ్చింది. చాలా నెలల తరువాత. బక్కచిక్కింది. దిడ్డి తలుపు దగ్గర దఫ్తరీ ఆమెతో చాలాసేపు బోర్డు ముందు నిలబడ్డాడు, వేలు పెట్టి చూపిస్తూ. తరువాత ఆమె ఒక్కతే నా కిటికీ దగ్గరికి వచ్చింది. చువ్వలు పట్టుకోలేదు.

"బోర్డు మీద నా పేరు ఉన్నదట" అంది. "దఫ్తరీ భాయ్ సదివి చెప్పిండు. అందరి పేర్లు సదువుమన్న. రెండుమాట్ల సదివిచ్చుకున్న."

నేను ప్యాడు మూత తెరిచి మూశాను.

"నీ పేరు రాలే బిడ్డా."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి. ఒక ఇంటి కోసం వెతుక్కుంటూ పోయి, అది అక్కడ లేదని తెలుసుకుని వచ్చినట్టు చెప్పింది. తరువాత కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి చువ్వల సందులోంచి లోపలికి పెట్టింది. దరఖాస్తు. అడుగున ఊదారంగులో ఆమె వేలిముద్ర, ఈసారి ఎవరు ఒత్తించారో చక్కగా పడింది. ఆ దరఖాస్తుకు జవాబు పోయిందేమోనని తరువాత చాలా ఏళ్ళు ఔట్‌వర్డ్ రిజిస్టర్లు తిరగేశాను. పోలేదు.

"గిది లోపలికి పోవాలె. పోయేదే గద?"

"పోతది చిన్నమ్మా."

"అయితె గుద్దు."

తేదీ సరిచేసుకున్నాను. ప్యాడు మీద అద్దాను. అన్నేళ్ళలో మొదటిసారి గుద్దేముందు చదివాను, పైనుంచి కింది దాకా, ఆమె నిలబడి చూస్తుండగా. గుద్దాను. చెయ్యి అప్పుడు వణికింది. ముద్ర సగమే పడింది, తేదీ కనిపించలేదు. ఆమె తల వంచి చువ్వల సందులోంచి చూసింది. చదువు రాకపోయినా సగం పడ్డ ముద్ర ఎవరికైనా తెలుస్తుంది. వేలితో ఆ కాగితం నా వైపు జరిపింది.

"మంచిగ పడలే బిడ్డా. మా జాబితా మీద ఎట్ల గుద్దినవో గట్ల గుద్దు."

నేను మళ్ళీ గుద్దాను.